టీవీ కొనేముందు టేపు పట్టండి: ఏ హాలుకి ఎంత రిజల్యూషన్ కావాలి?

పాలకొల్లు దగ్గర మా పెద్ద మావయ్య గారింట్లో ఓ సంక్రాంతికి కొత్త టీవీ దిగింది. 43 అంగుళాలు, 4కె. గోడకి బిగించి కేబుల్ పెట్టగానే మావయ్య న్యూస్ ఛానెల్ పెట్టమన్నారు. రెండు నిమిషాలు చూశారు. "ఒరే అబ్బాయ్, పాత డబ్బాలోనే మొహాలు బాగా కనపడేవి కదరా! ఇదేంటి, తడిగుడ్డ కప్పినట్టుంది?" అన్నారు. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని అత్తయ్య తేల్చేసింది.

నేను టీవీ వెనక్కి తల పెట్టి చూశాను. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి వచ్చింది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులున్న పాత వైరు. బాక్స్ హెచ్‌డీదే, కానీ ఆ పసుపు పిన్ను మోయగలిగింది పాతకాలం డబ్బా టీవీ బొమ్మ మాత్రమే. తరవాత టేపు తీసి మావయ్య పడక్కుర్చీ నుంచి గోడ దాకా కొలిస్తే 11 అడుగులు. అంటే దాదాపు 83 లక్షల చుక్కలున్న తెరకి డబ్బు కట్టి, నాలుగు లక్షల చుక్కల బొమ్మ చూస్తున్నాం. అదీ ఆ తెర చుక్కలు విడివిడిగా ఆనని దూరం నుంచి.

కొట్టువాడి తప్పేమీ లేదు. మేం ఏ దూరం నుంచి ఏం చూస్తామో అతను అడగలేదు, మేమూ చెప్పలేదు. అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరు టీవీ కొంటామన్నా నేను రేటు, కంపెనీ సంగతి తరవాత మాట్లాడదాం అంటాను. ముందు టేపు తెమ్మంటాను.

ముందుగా, పెట్టె మీది అంకెలు

తెర నిండా చిన్న చిన్న చుక్కలుంటాయి. వాటినే పిక్సెల్స్ అంటారు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అన్నదే రిజల్యూషన్. కొట్లో మీకు వినిపించేవి ఇవి:

హెచ్‌డీ రెడీ: 1366 x 768, సుమారు పదిన్నర లక్షల చుక్కలు.
ఫుల్ హెచ్‌డీ: 1920 x 1080, 20 లక్షల 73 వేలు.
4కె, దీన్నే అల్ట్రా హెచ్‌డీ లేదా యూహెచ్‌డీ అంటారు: 3840 x 2160, దాదాపు 83 లక్షలు.
8కె: 7680 x 4320, 3 కోట్ల 31 లక్షలు.

8కె సంగతి ఇక్కడితో వదిలేద్దాం. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే సంస్థ 2018 డిసెంబర్ 1న 8కె ఛానెల్ మొదలుపెట్టింది. మన కేబుల్‌లో వచ్చే ఛానెళ్లకి ఇంకా 4కెయే అందని ద్రాక్ష.

పెట్టె మీద "4కె" అన్న మాట ఎంత పెద్దగా ఉన్నా నమ్మకండి, 3840 x 2160 అన్న అంకె కోసం వెతకండి. "4కె సపోర్ట్", "4కె డీకోడింగ్" అని రాసి ఉంటే 4కె ఫైలు ఇస్తే తీసుకుంటుందని అర్థం. తెరలో అన్ని చుక్కలున్నాయని కాదు. 4కె వీడియోని హెచ్‌డీ రెడీ తెర మీద కుదించి చూపించినా అది సపోర్టే!

టేపు పట్టాల్సింది ఎక్కడ

సంక్రాంతి బరుల దగ్గర, తీర్థాల్లో పెద్ద ఎల్‌ఈడీ తెరలు పెడతారు కదా, ఈసారి ఒకదాని దగ్గరికి వెళ్లి చూడండి. మూరెడు దూరంలో నిలబడితే బొమ్మే ఉండదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు తప్ప. ఒక్కో చుక్కకీ మధ్య ఎడం 4 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అలాగే వెనక్కి నడుస్తూ పొండి. 45 అడుగులు దాటేసరికి ఆ చుక్కలన్నీ కలిసిపోయి నున్నటి బొమ్మవుతుంది. అక్కణ్ణుంచి చూసేవాడికి ఆ తెరలో ఇంకో నాలుగింతలు దీపాలు పెట్టినా తేడా తెలియదు.

ఇది కంటి లెక్క. 6/6 చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కన్నా చిన్న ఎడాన్ని విడదీసి చూడలేదు. ఇదే లెక్కని ఇంట్లో టీవీకి వేస్తే, ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు ఏ దూరంలో కలిసిపోతాయో తెలుస్తుంది:

43 అంగుళాలకి అయిదున్నర అడుగులు
50 అంగుళాలకి ఆరున్నర
55 అంగుళాలకి ఏడు
65 అంగుళాలకి ఎనిమిదిన్నర
75 అంగుళాలకి పదికి కాస్త తక్కువ

మీ కుర్చీ ఈ దూరం కన్నా ముందుంటే 4కెలో ఉన్న అదనపు వివరం మీ కంటికి చేరుతుంది. వెనకుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ చుక్కల పరంగా తేడా ఉండదు. పిల్లల చూపు 6/6 కన్నా చురుగ్గా ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ గీత ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. పెద్దవాళ్లకి ముందుకి జరుగుతుంది. (మావయ్యకి ఆ మరుసటేడు శుక్లాల ఆపరేషన్ అయ్యాక టీవీ ఒక్కసారిగా బాగుపడింది. ఇంట్లో అరవై దాటినవాళ్లు బొమ్మ మసకగా ఉందంటే, టీవీ మార్చే ముందు ఒకసారి కళ్లు చూపించండి.)

కొలిచేటప్పుడు అందరూ చేసే పొరపాటొకటుంది. హాలు పొడవు కొలిచి 14 అడుగులని చెప్పేస్తారు. కావలసింది గోడ నుంచి గోడ దాకా కాదు, తెర నుంచి కంటి దాకా. సోఫా ఎక్కడుందో అక్కడ కాకుండా, మీరు ఎక్కువసేపు కూర్చునేది ఎక్కడో అక్కడ పట్టండి. మన ఇళ్లలో ఇది ఇంటింటికీ మారుతుంది. పాత పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో టీవీ ఒక వసారాలో, కుర్చీ ఇంకో వసారాలో ఉండి మధ్యన 12, 13 అడుగులు తేలుతుంది. భీమవరం, అమలాపురం అపార్ట్‌మెంట్లలో సోఫాకీ టీవీకీ మధ్య ఏడెనిమిది అడుగులు ఉంటే గొప్ప. మొదటి ఇంటికి 4కె గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, సైజు గురించి ఆలోచించాలి. రెండో ఇంటికి 55 అంగుళాలు పెడితే 4కె ఫలితం కంటికి అందే గీత మీదే ఉంటుంది.

సైజు అన్నాను కాబట్టి ఇంకో మాట. మా అత్తయ్యకి న్యూస్ కింద పరిగెత్తే స్క్రోలింగ్ చదవాలి. 11 అడుగుల నుంచి అది కనపడాలంటే అక్షరం పెద్దదవ్వాలి. 43లో 4కె బదులు 43లో ఫుల్ హెచ్‌డీ పెట్టినా అక్షరం అంతే ఉంటుంది. అదే 55కి వెళ్తే సుమారు పాతిక శాతం పెద్దదవుతుంది. దూరం నుంచి చూసే ఇంట్లో డబ్బులు పెట్టాల్సింది అంగుళాల మీద.

మీ ఇంట్లో అసలు ఏం నడుస్తుంది?

ఒక కాగితం మీద వారం రోజుల పాటు రాసుకోండి. పొద్దున భక్తి ఛానెల్, మధ్యాహ్నం సీరియళ్లు, సాయంత్రం న్యూస్, రాత్రి పిల్లల యూట్యూబ్, ఆదివారం సినిమా. ఒక్కోటీ ఎక్కణ్ణుంచి వస్తుందో పక్కన వేయండి.

కేబుల్‌లోనో డిష్‌లోనో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానెల్ బొమ్మ 720 x 576కి మించదు. అంటే 4 లక్షల 14 వేల చుక్కలు. 4కె తెరలో ఉన్నవి దానికి సరిగ్గా 20 రెట్లు. కాబట్టి వచ్చిన ఒక్కో చుక్కనీ టీవీ 20 చుక్కలుగా సాగదీయాలి, మధ్యలో లేనిదాన్ని ఊహించి నింపాలి. దీన్ని అప్‌స్కేలింగ్ అంటారు. మంచి ప్రాసెసర్ ఉన్న టీవీ ఈ పని ఒద్దికగా చేస్తుంది. చవక టీవీ మొహాలకి మైనం పూసినట్టు చేస్తుంది. పాత డబ్బా టీవీ తెర చిన్నది, దాని చుక్కలు కూడా మెత్తగా ఒకదాన్లో ఒకటి కలిసిపోయేవి, అందుకని లోపాలన్నీ దాచేసేది. మావయ్య అన్నది అబద్ధం కాదు.

హెచ్‌డీ ఛానెల్ సంగతి వేరు. స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీలకి హెచ్‌డీ ఛానెళ్లున్నాయి. 1920 x 1080 బొమ్మని 4కె తెర మీద వేయాలంటే ఒక చుక్క సరిగ్గా నాలుగవుతుంది, కాబట్టి సాగదీసినట్టు పెద్దగా తెలియదు. న్యూస్ ఛానెళ్లు మాత్రం ఎక్కువ ఎస్‌డీలోనే వస్తాయి. రోజులో ఆరు గంటలు న్యూసే నడిచే ఇల్లయితే 4కె పేరున పెట్టిన డబ్బు గోడకి పూసిన సున్నమే.

నిజమైన 4కె వచ్చేది ఇంటర్నెట్ నుంచి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే అన్నిటికన్నా పై ప్లాన్ ఉండాలి. కింది ప్లాన్ కట్టి 4కె టీవీ కొంటే మీకు ఫుల్ హెచ్‌డీయో అంతకన్నా తక్కువో వస్తుంది. యూట్యూబ్‌లో 4కె వీడియోలకి కరువు లేదు. క్రికెట్ విషయానికొస్తే 2023 ఐపీఎల్‌ని జియోసినిమా 4కెలో చూపించింది. పాత తెలుగు సినిమాల విషయంలో ఆశ పెట్టుకోకండి. యూట్యూబ్‌లో పెట్టినవి చాలావరకు టీవీ కోసం చేసిన పాత ఎస్‌డీ కాపీలే. తెర ఎంత గొప్పదైనా ఆ కాపీలో లేని కనుబొమ్మ వెంట్రుక కొత్తగా మొలవదు.

నెట్ లాగుతుందా?

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క: ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ (నెట్ స్పీడు కొలత ఇది), 4కెకి 15. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఊళ్లో ఇది పెద్ద విషయం కాదు. చిక్కంతా ఇంట్లోనే వస్తుంది. రౌటర్ వీధి గదిలో పెడతారు, టీవీ లోపలి వసారాలో ఉంటుంది, మధ్యన పాతకాలపు మందపాటి ఇటుక గోడలు రెండు. ఫోన్ పట్టుకుని టీవీ పక్కన నిలబడి, స్పీడు కొలిచే ఫాస్ట్ డాట్ కామ్ సైటు తెరవండి. రౌటర్ దగ్గర నిలబడి చూసిన స్పీడు లెక్కలోకి రాదు. రాత్రి తొమ్మిదికి, ఊరంతా చూసే వేళలో చూడండి. 25 పైన వస్తే నిశ్చింత. 10 దగ్గర ఊగిసలాడుతుంటే రౌటర్ నుంచి టీవీకి ల్యాన్ వైరు లాగించుకోండి, టీవీ రేటులో అది లెక్కలోకే రాదు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే వాళ్లకి మాత్రం చిన్న గుణకారం. 15 ఎంబీపీఎస్ చొప్పున గంటకి దాదాపు 7 జీబీ అవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ 20 నిమిషాలు కూడా రాదు. హీరో ఎంట్రీ పాట మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది. అలాంటి ఇంటికి ఫుల్ హెచ్‌డీ చాలు.

ఇప్పుడు సైజు చూసి తేల్చుకోండి

32 అంగుళాల్లో ఎక్కువ మోడళ్లు హెచ్‌డీ రెడీలే. ఈ సైజులో హెచ్‌డీ రెడీ చుక్కలు ఆరడుగులు దాటితే కలిసిపోతాయి. పడగ్గదికో, వంటింటి పక్క గదికో, కొట్లో కౌంటరు మీదకో అయితే కళ్లు మూసుకుని హెచ్‌డీ రెడీ తీసుకోండి. దాన్నే కంప్యూటర్ తెరగా కూడా వాడదామనుకుంటే, లేక పిల్లలు నాలుగడుగుల దగ్గర కూర్చుని గేములు ఆడతారనుకుంటే ఫుల్ హెచ్‌డీ వెతకండి. దగ్గర నుంచి అక్షరాలు చదివేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

గొడవంతా 43లో. ఇందులో ఫుల్ హెచ్‌డీ, 4కె రెండూ దొరుకుతాయి. చుక్కల లెక్క ప్రకారం ఎనిమిది అడుగుల నుంచి చూసేవాడికి ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. అయినా నేను చాలామందికి 4కెయే చెబుతాను. ఎందుకంటే కంపెనీలు మంచి ప్రాసెసరు, మంచి ప్యానెల్ (అంటే బొమ్మ వేసే తెర), కాస్త ఎక్కువ వెలుతురు 4కె మోడళ్లలోనే పెడుతున్నాయి. హెచ్‌డీఆర్ కూడా వాటిలోనే ఎక్కువ. చీకట్లో నీడలు, దీపం వెలుగు, చీర జరీ మెరుపు బాగా తేలేలా చేసేది హెచ్‌డీఆర్. ఇది చుక్కల్లాగా దూరానికి మాయమైపోదు, 12 అడుగుల నుంచైనా తెలుస్తుంది. కానీ తెర వెలుతురు చాలకపోతే పెట్టె మీది హెచ్‌డీఆర్ ముద్ర ఉత్త స్టిక్కరే. పేరు తెలియని కంపెనీ 4కె, పేరున్న కంపెనీ ఫుల్ హెచ్‌డీ ఒకే రేటుకి ఎదురుపడితే నేను రెండోది తీసుకుంటాను.

50, ఆ పైన అయితే మీకు ఎంచుకునే పనే లేదు, కొట్లో దొరికేవి దాదాపు అన్నీ 4కెలే. అక్కడ రిజల్యూషన్ మాట మర్చిపోయి వెలుతురు, రంగులు, పక్క నుంచి చూస్తే ఎలా ఉంది అన్నవి చూసుకోండి. మన ఇళ్లలో నలుగురు నాలుగు పక్కల కూర్చుంటారు. ఒకరు మంచం మీద, ఒకరు గుమ్మంలో, ఒకరు వంటింట్లోంచి తొంగి చూస్తూ. ఐపీఎస్ అనే రకం ప్యానెల్ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా పాలిపోదు. వీఏ అనే రకంలో ఎదురుగా నలుపు చిక్కగా ఉంటుంది, పక్కకి జరిగితే వెలిసిపోతుంది.

రేటు దగ్గర ఒక పాత లెక్క మారింది. 32 దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18కి తగ్గింది. 32 దగ్గర ఆగిపోవడానికి పన్ను ఇప్పుడు కారణం కాదు.

కోనసీమ వాళ్లకి ఒక ముక్క. గల్ఫ్ నుంచి వచ్చే బావనో, బాబాయినో ఒక టీవీ పట్రమ్మని చెప్పే అలవాటు ఇంకా ఉంది. విమానంలో వెంట తెచ్చుకునే ఫ్లాట్ టీవీకి సుంకం మినహాయింపు 2013 ఆగస్టు 26 నుంచే తీసేశారు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. ఆ బాధలన్నీ పడేకన్నా ఆ డబ్బులతో ఇక్కడే ఒక సైజు పెంచుకోవచ్చు.

కొట్లో అడుగు పెట్టాక

షోరూములో అన్ని టీవీల్లోనూ తేనె కారుతుంటుంది, చిలకలు ఎగురుతుంటాయి, దానిమ్మ గింజలు నెమ్మదిగా రాలుతుంటాయి. అవన్నీ కంపెనీ ప్రత్యేకంగా తీసిన 4కె వీడియోలు, పైగా తెర షాప్ మోడ్‌లో, రంగులు పైదాకా పెంచి ఉంటుంది. అందులో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది.

అమలాపురంలో మా బావతో కలిసి వెళ్లినప్పుడు నేను కుర్రాణ్ణి ఒకటే అడిగాను. "బాబూ, దీనికి కేబుల్ పెట్టి ఏదైనా న్యూస్ ఛానెల్ పెడతావా?" అతను నవ్వి, "అందరూ డెమో చూస్తారండీ, మీరేంటండీ న్యూస్ అడుగుతున్నారు?" అన్నాడు. పెట్టాడు. పక్కపక్కనే ఉన్న మూడు 4కె టీవీల్లో ఒకే యాంకర్ మొహం మూడు రకాలుగా వచ్చింది. ఒకదాంట్లో చెంప మీద చర్మం చర్మంలా ఉంది. రెండోదాంట్లో గళ్లు గళ్లుగా ఉంది. మూడోదాంట్లో జుట్టు చుట్టూ తెల్లటి అంచు మెరుస్తోంది, పదును అతిగా పెంచితే వచ్చే జబ్బు అది. మూడింటి రిజల్యూషన్ ఒకటే. బావ అప్పటిదాకా ముచ్చటపడింది మూడోదాని మీదే!

అక్కడ మీరు చేయాల్సినవి మరో రెండు. ఇంటి దగ్గర కొలిచిన దూరం గుర్తుంది కదా, కొట్లో కూడా అంతే వెనక్కి నడిచి చూడండి. షోరూములో మూడడుగుల నుంచి 4కె కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఇంట్లో 11 అడుగుల నుంచి కనపడదు. రెండోది, టీవీ వెనక అంటించిన మోడల్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసి కంపెనీ సొంత సైటులో రిజల్యూషన్ చూడండి. టీవీ మెనూలో అక్షరాలు నునుపుగా ఉన్నాయా లేదా అని చూసి తేల్చకండి. చాలా ఆండ్రాయిడ్ టీవీల్లో తెర 4కె అయినా మెనూలు 1080లోనే గీస్తాయి.

కన్సోల్ గేములు ఆడే పిల్లలుంటే హెచ్‌డీఎంఐ పోర్టు (హెచ్‌డీ, 4కె బొమ్మ మోసే వైరు గుచ్చేచోటు) ఏ నంబరుదో అడగండి. 4కె బొమ్మ సెకనుకి 60 సార్లు మారాలంటే 2.0 కావాలి, 120 సార్లయితే 2.1. పాత 1.4లో 4కె వస్తుంది కానీ 30 దగ్గరే ఆగిపోతుంది.

ఇంటికొచ్చాక మొదటి గంట

ఫిట్టింగ్‌కి వచ్చిన కుర్రాడు వెళ్లకముందే షాప్ మోడ్ నుంచి హోమ్ మోడ్‌కి మార్పించండి. పిక్చర్ మోడ్‌లో వివిడ్ తీసి సినిమా గాని స్టాండర్డ్ గాని పెట్టి, షార్ప్‌నెస్ తగ్గించండి. సెట్‌టాప్ బాక్స్‌కి హెచ్‌డీఎంఐ వైరే పెట్టాలి. బాక్స్ మెనూలో అవుట్‌పుట్ 576 దగ్గర ఉండిపోయిందేమో చూసి 1080కి మార్చండి. రిమోట్‌లో ఎస్‌డీ ఛానెల్ నంబరు అలవాటై ఉంటుంది, అదే ఛానెల్ హెచ్‌డీ నంబరు వేరుగా ఉంటుంది. యూట్యూబ్‌లో 4కె వీడియో పెట్టి, సెట్టింగుల్లో "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" నొక్కితే 3840 x 2160 వస్తోందా, కిందికి దిగిపోతోందా అన్నది తెలుస్తుంది.

మండువాలోంచి పడే ఎండ తెర మీద పడకుండా గోడ ఎంచుకోండి. మధ్యాహ్నం వెలుతురు అద్దం మీద పడితే 83 లక్షల చుక్కల్లో మీకు కనిపించేది మీ మొహమే. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు, ల్యాన్ వైరు కూడా పీకేయాలి. పిడుగు వచ్చేది ఒక్క కరెంటు తీగ మీదే కాదు.

మావయ్య గారింట్లో మేం మార్చినవి మూడు. పసుపు పిన్ను తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టాం, బాక్స్ అవుట్‌పుట్ 1080 చేశాం, అత్తయ్య సీరియళ్లకి హెచ్‌డీ ప్యాక్ వేయించాం. సీరియల్లో నగల డిజైన్లు కనిపించేసరికి అత్తయ్య కొట్టువాణ్ణి క్షమించేసింది. నాలుగోది పడక్కుర్చీని ఓ నాలుగడుగులు ముందుకి లాగడం. దానికి మాత్రం మావయ్య ఒప్పుకోలేదు. ఉన్నచోట నుంచైతేనే వీధి గుమ్మంలోకి ఎవరొచ్చారో కనపడతారట.